గుమ్మం ముందు కనిపించని దీపం

వీడియో డోర్‌బెల్ బిగించుకున్న ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పగలంతా బొమ్మ చక్కగా వస్తుంది. పాలబ్బాయి ముఖం, కొరియర్ కుర్రాడి చేతిలో పెట్టె, ఎదురింటి వాకిట్లో ముగ్గు, అన్నీ తేటగా కనిపిస్తాయి. చీకటి పడ్డాక చూస్తే తెరంతా తెల్లటి పొగ, లేదంటే నల్లటి చీకటి. మనిషి వచ్చి నిలబడితే ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. కెమెరా పాడైందనుకుని విప్పి అలమరలో పడేసినవాళ్లు నాకు తెలుసు. చాలా ఇళ్లలో కెమెరాకు ఏమీ కాలేదు. దాని పక్కనున్న గోడో, ఎదురుగా ఉన్న జాలీ తలుపో, మీద అల్లుకున్న సాలెగూడో ఆ పని చేస్తోంది.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. ఆ కెమెరా చీకట్లో చూడదు. తనే ఒక దీపం వెలిగించుకుని, ఆ వెలుతురులో చూస్తుంది. ఆ దీపం మన కంటికి ఆనదు, అంతే తేడా. రాత్రిచూపు బాగోలేదంటే ముందు ఆ దీపం సంగతి చూడాలి: వెలుగుతోందా, వెలిగితే దాని వెలుతురు ఎక్కడ పడుతోంది, ఏది తగిలి తిరిగొస్తోంది. ఈ దీపం గుమ్మం దాకా రావడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. దాని కథ తెలిసినవాళ్లకు రోగం పట్టుకోవడం తేలిక.

కథ 1800లో ఇంగ్లండులో, లండన్‌కు పడమరనున్న స్లౌ అనే ఊళ్లో మొదలవుతుంది. అక్కడ విలియం హెర్షెల్ సూర్యుణ్ణి టెలిస్కోపుతో చూడటానికి తంటాలు పడుతున్నాడు. ఈయన జర్మనీలోని హానోవర్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన సంగీత విద్వాంసుడు. పాఠాలు చెప్పుకుంటూ, కచేరీలు చేసుకుంటూ, మిగిలిన పొద్దంతా టెలిస్కోపు అద్దాలు అరగదీస్తూ గడిపాడు. అలా చేత్తో చేసుకున్న టెలిస్కోపుతోనే 1781లో యురేనస్ గ్రహాన్ని పట్టుకున్నాడు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పోతాయి కాబట్టి రంగు అద్దాలు అడ్డం పెట్టుకునేవాడు. అప్పుడు ఆయనకొక వింత తట్టింది. కొన్ని అద్దాలు వెలుతురును బాగా ఆపుతున్నాయి కానీ కంటికి వేడి తగులుతూనే ఉంది. మరికొన్ని వెలుతురును వదిలిపెడుతున్నాయి, వేడి మాత్రం రావడం లేదు. అంటే ఒక్కో రంగు ఒక్కో మోతాదులో వేడిని మోసుకొస్తోందా?

ఇలాంటి అనుమానం ఎవరికైనా రావచ్చు. కొలిచి చూసేవాళ్లు తక్కువ. హెర్షెల్ గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి బల్ల మీద పరిచాడు. బుడ్డికి నల్లరంగు పూసిన థర్మామీటరును ఒక్కో రంగులో పెట్టి, ఎండ తగలని థర్మామీటరుతో పోల్చుకుంటూ కొలిచాడు. ఊదా రంగులో 2 డిగ్రీల ఫారన్‌హీట్ పెరిగింది. ఆకుపచ్చలో 3 దాటింది. ఎరుపులో దాదాపు 7. సాధారణంగా లెక్క అక్కడితో ఆగిపోవాలి, ఎందుకంటే ఎరుపు తర్వాత రంగే లేదు. ఆయన మాత్రం థర్మామీటరును ఎరుపు దాటించి, బల్ల మీద ఏ వెలుతురూ పడని చోట పెట్టాడు. పాదరసం ఇంకా పైకెక్కింది. కంటికి ఏమీ కనిపించని చోటే అన్నిటికంటే వేడి ఎక్కువ. ఎరుపుకు అవతల కూడా సూర్యుడు ఏదో పంపుతున్నాడని మనిషికి తెలిసింది ఆ రోజునే. మనం పరారుణం అనీ, ఇన్‌ఫ్రారెడ్ అనీ పిలుస్తున్నది దాన్నే. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఖాళీ అనుకున్న చోట కూడా కొలిచి చూడాలని ఆయనకు అనిపించడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. ‘ఇన్‌ఫ్రారెడ్ అంటే వేడి, కాబట్టి డోర్‌బెల్ రాత్రిపూట మనిషి ఒంటి వేడిని చూస్తోంది’ అని చాలామంది అనుకుంటారు. పరారుణంలో చాలా అంతరాలున్నాయి. మన ఒళ్లు వెదజల్లేది ఎరుపుకు చాలా దూరాన, 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. దాన్ని చూపే థర్మల్ కెమెరాలు వేరు, వాటి ధర వేరు. డోర్‌బెల్ వాడేది ఎరుపు పక్కింట్లోనే ఉండే 850 లేదా 940 నానోమీటర్ల వెలుతురు. అది మామూలు వెలుతురులాగే వెళ్లి, తగిలి, తిరిగి రావాలి. తిరిగి వస్తేనే బొమ్మ.

తిరిగి రావడంలో మాత్రం దానికి తన సొంత పద్ధతి ఉంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1910లో పరారుణ కాంతితో తీసిన ఫొటోలు ప్రచురించాడు. వాటిలో ఆకాశం నల్లగా, చెట్లు మంచు కురిసినంత తెల్లగా ఉన్నాయి. పచ్చి ఆకు మన కంటికి కనిపించే వెలుతురును చాలావరకు మింగేసి, పరారుణాన్ని మాత్రం బాగా తిరగ్గొడుతుంది. శతాబ్దం కిందటి ఈ ఫొటోలకూ మన గుమ్మానికీ సంబంధం ఉంది. పండగ పూట మామిడి తోరణం కట్టి, దాని చివర డోర్‌బెల్ ముందుకు వేలాడేలా వదిలితే, రాత్రికి ఆ ఆకులు తెర మీద తెల్లగా మెరుస్తాయి. గాలికి ఊగినప్పుడల్లా కొన్ని మోడళ్లలో ఫోన్ మోగుతుంది. పూలకుండీ దగ్గరగా ఉన్నా అంతే. తోరణం చివర జానెడు పక్కకు జరిపితే చాలు.

కనిపించని వెలుతురుతో చూడటం మొదట యుద్ధానికి అక్కరకొచ్చింది. 1934లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో గిల్లెస్ హోల్స్ట్, ఆయన సహచరులు పరారుణ బొమ్మను కంటికి కనిపించే బొమ్మగా మార్చే గాజు గొట్టం తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్లు అలాంటి గొట్టాన్ని తుపాకీ మీద ఎక్కించి ‘వాంపైర్’ అన్నారు. తుపాకీ మీద పరారుణ దీపం, దాని పక్కన చూసే గొట్టం, సైనికుడి వీపున 13 కిలోల పైచిలుకు బ్యాటరీ. అమెరికన్ల దగ్గర కూడా అలాంటిదే ఉండేది, ఒకినావా యుద్ధంలో వాడారు. డోర్‌బెల్ పని చేసే పద్ధతి అచ్చం ఇదే: దీపం, దాని పక్కనే కన్ను. ఆ బరువంతా తగ్గి అరచేతిలో పట్టాలంటే దీపం చిన్నదవ్వాలి, కన్నూ చిన్నదవ్వాలి.

దీపం చిన్నదైంది డాలస్‌లో. 1961లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జేమ్స్ బియార్డ్, గ్యారీ పిట్‌మన్ అనే ఇద్దరు ఇంజినీర్లు గాలియం ఆర్సెనైడ్ డయోడ్ల మీద పని చేస్తున్నారు. వాళ్లు వెతుకుతున్నది వెలుతురు కోసం కాదు. డయోడ్‌లో కరెంటు పారుతుండగా పరారుణాన్ని చూడగల మైక్రోస్కోపు కింద పెడితే, ఆ చిన్న ముక్క వెలుగుతూ కనిపించింది. మామూలు మైక్రోస్కోపులో చూసి ఉంటే వాళ్లకు ఏమీ తెలిసేది కాదు. 1962 ఆగస్టులో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. ఆ ఏడాదే ఎస్‌ఎన్‌ఎక్స్-100 పేరుతో అమ్మకానికి పెట్టిన ఆ పరారుణ ఎల్‌ఈడీ ఒక్కొక్కటి 130 డాలర్లు. మార్కెట్లోకి వచ్చిన తొలి ఎల్‌ఈడీ కనిపించని వెలుతురిచ్చేదేనన్న సంగతి చాలామందికి తెలియదు. ఇవాళ టీవీ రిమోట్ ముక్కున ఉన్నది దాని సంతతే. డోర్‌బెల్ లెన్సు చుట్టూ చిన్న చిన్న చుక్కల్లా అమర్చినవీ అవే.

ఆ దీపం వెలుగుతోందో లేదో చూడటం సులువు. లైట్లన్నీ ఆపి, ఫోన్ ముందు కెమెరా తెరిచి, దానికెదురుగా టీవీ రిమోట్ పట్టుకుని ఏదైనా బటన్ నొక్కండి. తెర మీద రిమోట్ ముక్కున ఊదా తెలుపు కలిసిన మినుకు కనిపిస్తే మీ ఫోన్ పరారుణాన్ని చూడగలదు. వెనక కెమెరాలో సాధారణంగా ఫిల్టరు గట్టిగా ఉంటుంది కాబట్టి అందులో కనిపించకపోవచ్చు. ఇక అదే ఫోన్‌ను చీకట్లో డోర్‌బెల్ ముందు పట్టుకోండి. చుక్కలు వెలుగుతూ కనిపిస్తే దీపం బాగానే ఉంది, గొడవ ఇంకెక్కడో ఉంది. ఒక్క చుక్కా వెలగకపోతే యాప్‌లో నైట్ విజన్ ఆపేసి ఉందేమో చూడండి, ఆ తర్వాత కరెంటు సంగతి. 850 నానోమీటర్ల ఎల్‌ఈడీ అయితే దగ్గరగా చూసినప్పుడు మన కంటికే మసక ఎరుపు కనిపిస్తుంది. 940 అయితే ఏమీ కనిపించదు. సిలికాన్ సెన్సర్ చూపు 1100 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఆ అంచుకు వెళ్లేకొద్దీ మందగిస్తుంది. అందుకే 940 వాడిన కెమెరాలు బయటివాళ్ల కంట పడకుండా పనిచేసినా, మిగతావన్నీ సమానంగా ఉంటే కొంచెం తక్కువ దూరమే చూస్తాయి.

దీపం వెలుగుతూ బొమ్మ తెల్లబోయిన ఇల్లు ఒకటి దగ్గరగా చూశాను. గుంటూరులో మా పిన్నిది. కొడుకు ఉండేది డాలస్‌లోనే. వేసవిలో అక్కడ ఉదయం పది అయితే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అంటే వాడు ఆఫీసులో కూర్చుని ఫోన్ తీసి చూసే ప్రతిసారీ ఇక్కడ చీకటే. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల గుమ్మాన్ని ఎక్కువగా చూసేది రాత్రిచూపులోనే. ఈ బొమ్మ బాగుండాలని నేనింత పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

“ఏరా నాన్నా, రాత్రయితే ఫోన్ చేసి పొగమంచు పడుతోందా అమ్మా అంటాడు. జూన్ నెలలో గుంటూరులో పొగమంచేమిట్రా?” అంది పిన్ని.

వీధి తలుపు పక్క గోడకు పై నుంచి కింది దాకా నున్నటి మెరిసే టైల్స్ వేయించారు. బెల్లు సరిగ్గా ఆ మూలన, టైల్స్ గోడకు అరడుగు దూరంలో ఉంది. ఫోన్లో మా తమ్ముడు అక్కడి నుంచి చూస్తూ చెబుతుంటే, నేను టైల్స్ మీద పిన్ని నల్లచీర మడత పెట్టి వేలాడదీశాను. “కొంచెం తగ్గింది అన్నయ్యా, కానీ అదేంటి, ఆ బట్ట తెల్లగా ఉంది?” అన్నాడు. నా ఫోన్లోనూ చూశాను. నల్లచీర తెర మీద బూడిద కలిసిన తెలుపులో ఉంది.

అక్కడ రెండు సంగతులు జరుగుతున్నాయి. మొదటిది దూరం లెక్క. దీపం నుంచి దూరం రెట్టింపైతే పడే వెలుతురు నాలుగో వంతు అవుతుంది. అరడుగు దూరంలోని గోడకూ ఆరడుగుల దూరంలో నిలబడ్డ మనిషికీ మధ్య తేడా పన్నెండు రెట్లు, కాబట్టి మనిషి మీద పడే వెలుతురు గోడ మీద పడేదానిలో 144వ వంతు. కెమెరా ఆ గోడను చూసి ‘అబ్బో, వెలుతురు చాలా ఉంది’ అనుకుని తన చూపు తగ్గించేసుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి ముఖం పక్కనే ఉన్న తెల్లగోడ మీద టార్చి వేసుకుంటే వీధిలో ఎవరున్నారో మనకూ కనిపించదు కదా, అదే సంగతి. రెండోది రంగుల లెక్క. బట్టలకు వేసే నల్ల రంగుల్లో చాలావాటికి పరారుణాన్ని మింగే గుణం లేదు. మన కంటికి నలుపైన చీర ఆ దీపానికి లేత రంగే.

ఈ రెండో సంగతి పిన్ని ఇంటితో ఆగేది కాదు. రాత్రి రికార్డింగులో దొంగ తెల్లచొక్కా వేసుకున్నాడని ఎవరైనా చెబితే నమ్మకండి. వాడు వేసుకున్నది నల్లచొక్కా అయి ఉండొచ్చు. ముఖం, నడక, ఎత్తు, చేతిలో ఉన్నది చూడండి, బట్టల రంగు మాత్రం వదిలేయండి. రంగు తేడా వల్ల ఒక అమాయకుడి మీద అనుమానం పడకూడదు, అసలువాడు తప్పించుకోకూడదు.

చివరికి పిన్ని ఇంటికి మందు చాలా చిన్నది. బెల్లు కింద వాలుగా ఉండే ప్లాస్టిక్ దిమ్మ పెట్టి, దాని చూపును టైల్స్ నుంచి వీధి వైపు తిప్పాం. పొగమంచు ఆ రాత్రే పోయింది. అలాంటి దిమ్మను చాలా కంపెనీలు పెట్టెలోనే ఇస్తాయి, బిగించేవాళ్లు హడావిడిలో వాడరు. ఇలాగే కెమెరా ముందుండే జాలీ తలుపు, ఇనప గ్రిల్లు, అద్దం కూడా దీపాన్ని మధ్యలోనే తిరగ్గొడతాయి. కెమెరాను కిటికీ అద్దం వెనక పెట్టి రాత్రి చూడాలనుకుంటే కుదరదు. లెన్సు మీద అంటించి వచ్చే పలుచని ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించిన ఇళ్లూ ఉన్నాయి. పగలు తెలియదు, రాత్రి మాత్రం దీపపు వెలుతురు ఆ పొరలో చెదిరి తెరంతా పాలిపోతుంది. వేలిముద్రల జిడ్డు, గడపకు పసుపు రాస్తున్నప్పుడు తగిలిన పసుపు చెయ్యి కూడా అదే పని చేస్తాయి. మెత్తని పొడిబట్టతో తుడవండి. వరండా లైటుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. లెన్సు ముందు ఒక్క పోగు ఊగినా రాత్రి తెర మీద తాడంత లావుగా మెరుస్తుంది.

దీపం ఇలా వచ్చింది. మరి గుమ్మానికి కన్ను పెట్టాలన్న ఆలోచన ఎవరిది? న్యూయార్క్ నగరంలో క్వీన్స్ ప్రాంతంలోని జమైకాలో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సుది. డ్యూటీ వేళలు ఒక లెక్కలో ఉండేవి కావు. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియనైన భర్త ఆల్బర్ట్ పనివేళలూ అంతే. ఇంట్లో ఒంటరిగా ఉన్న వేళ తలుపు తడితే, లేచి వెళ్లి తలుపుకు కన్ను ఆనించి చూడటమే భయం. ఆ పేటలో పోలీసులను పిలిస్తే వచ్చేసరికి ఆలస్యమయ్యేది. ఆవిడ భర్తతో కలిసి 1966 ఆగస్టు 1న పేటెంట్‌కు దరఖాస్తు పెట్టింది, 1969 డిసెంబరు 2న అది మంజూరైంది. తలుపుకు నాలుగు కన్నాలు, ఎత్తరి మనిషికి పైది, పసిపిల్లకు కిందిది. వాటి వెంబడి పైకీ కిందికీ జరిగే కెమెరా. పడకగదిలో టీవీ తెర. బయటివాళ్లతో మాట్లాడటానికి మైకు. మంచివాళ్లయితే మంచం మీద నుంచే గడియ తీసే బటన్, కాకపోతే సాయం కోసం అలారం మోగించే బటన్. ఈ రోజు మనం ఫోన్లో చేస్తున్నదంతా ఆవిడ కాగితం మీద ఉంది. అప్పటి కెమెరా పెద్దది, ఖరీదైనది, అందుకే ఇంటింటికీ చేరలేదు. ఆవిడ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. భయపడ్డ మనిషి ఆ భయాన్ని ఇంత వివరంగా గీసి, దానికి విరుగుడు కట్టడం అరుదు.

ఆవిడ పేటెంటు చేతికొచ్చిన నెలన్నర ముందు, 1969 అక్టోబరులో, బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సిలికాన్ చిప్పుకు రూపకల్పన చేశారు. వెలుతురును నేరుగా విద్యుత్తుగా మార్చి బొమ్మగా అందించే దారి అలా తెరుచుకుంది. అందుకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. 1990ల మొదట్లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం అంతరిక్ష నౌకల కోసం ఇంకా చిన్నది, తక్కువ కరెంటుతో నడిచేది కావాలని సీమాస్ సెన్సర్‌ను తీర్చిదిద్దింది. ఫోన్లలోనూ డోర్‌బెల్లుల్లోనూ ఉన్న కన్ను దాని వారసత్వమే.

ఆ కంటికి ఒక చిక్కుంది. సిలికాన్ పరారుణాన్ని కూడా చూస్తుంది. కొడాక్‌లో బ్రైస్ బేయర్ 1975లో పేటెంట్‌కు పెట్టిన పద్ధతి ప్రకారం సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు వరసగా పరుస్తారు. రంగుల బొమ్మ అలా వస్తుంది. పరారుణానికి ఈ మూడు గళ్లూ ఒకటే, అన్నిట్లోంచీ దూరిపోతుంది. పగలు దాన్ని రానిస్తే రంగులు చెడి, బొమ్మంతా గులాబీ ఊదాలోకి తిరుగుతుంది. అందుకని సెన్సర్ ముందు పరారుణాన్ని ఆపే చిన్న గాజు పలక పెడతారు. అది ఉంటే రాత్రి దీపం పనికిరాదు. పగలు పలక అడ్డం ఉండాలి, రాత్రి తప్పుకోవాలి. 1998లో సోనీ హ్యాండీక్యామ్‌లో వచ్చిన ‘నైట్‌షాట్’ చాలా ఇళ్లకు ఈ ఏర్పాటును పరిచయం చేసింది. దాన్ని పగటి వెలుతురులో వాడితే కొన్ని పలుచని బట్టలు పారదర్శకంగా కనిపిస్తున్నాయని గొడవ లేచి, కంపెనీ ఆ మోడల్‌ను మార్చాల్సి వచ్చింది. ఆ పలక ఎంత అవసరమో అప్పుడు అందరికీ తెలిసింది.

సంధ్యవేళ డోర్‌బెల్ దగ్గర నిలబడి వినండి. చాలా మోడళ్లలో ‘టిక్’ మని చిన్న చప్పుడు వస్తుంది. ఆ పలక పక్కకు జరిగిన చప్పుడది. పలక అడ్డంగా ఇరుక్కుపోతే దీపం వెలిగినా రాత్రి బొమ్మ నల్లగా ఉంటుంది. పక్కకు ఇరుక్కుపోతే పగలు చెట్ల ఆకులు, నల్లబట్టలు గులాబీ రంగులో కనిపిస్తాయి. యాప్‌లో నైట్ విజన్‌ను ఆన్, ఆఫ్ మార్చి చూస్తూ చెవి ఆనించండి. చప్పుడు రాకపోయినా, వచ్చి బొమ్మ మారకపోయినా ఒకసారి కరెంటు తీసి పెట్టండి. అప్పటికీ కదలకపోతే అది ఇంట్లో విప్పే పని కాదు, వారంటీ ఉండగానే ఇచ్చేయండి. పలక నిమిషానికోసారి అటూ ఇటూ కొట్టుకుంటుంటే మాత్రం అది రోగం కాదు, అయోమయం. దగ్గర గోడ మీద పడి తిరిగొచ్చిన తన దీపపు వెలుతురునే చూసి కెమెరా తెల్లారిందనుకుంటుంది. దీపం ఆపుతుంది, చీకటి చూసి మళ్లీ వెలిగిస్తుంది. ఇక్కడా మందు దాని చూపు తిప్పడమే. లేదంటే వరండాలో చిన్న ఎల్‌ఈడీ బల్బును లెన్సుకు ఎదురుగా కాకుండా దాని వెనకో పైనో రాత్రంతా వెలగనివ్వండి. వెలుతురు చాలితే చాలా కెమెరాలు రంగుల్లోనే చూపిస్తాయి.

కార్తీక మాసంలో గడప పక్క ప్రమిదలు పెట్టినప్పుడు తెర మీద ఆ మంటలు పెద్ద తెల్ల గుండ్రాలుగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. నూనె దీపం ఇచ్చేదానిలో ఎక్కువ భాగం పరారుణమే. ఆ నెలంతా ప్రమిదను కెమెరా చూపుకు కొంచెం పక్కగా పెట్టుకుంటే సరి.

వైఫైతో నడిచే వీడియో డోర్‌బెల్‌ను జనంలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జేమీ సిమినాఫ్. కాలిఫోర్నియాలో తన గ్యారేజీలో పనిచేసుకుంటుంటే వీధి బెల్లు వినిపించడం లేదని మొదలుపెట్టాడు. ‘డోర్‌బాట్’ పేరుతో 2013లో టీవీ షో ‘షార్క్ ట్యాంక్’కు వెళ్లి ఒప్పందం కుదరకుండానే తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది దాని పేరు ‘రింగ్’ అయింది, 2018లో అమెజాన్ కొనేసింది. అక్కడి ఇళ్లలో బెల్లుకు ముందే 16 నుంచి 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. మన ఇళ్లలో కాలింగ్ బెల్లు సాధారణంగా నేరుగా 230 వోల్టుల మీద నడుస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన బెల్లును మన పాత బెల్లు తీగలకు కలిపితే అది కాలిపోవడమే కాదు, ప్రాణాపాయం కూడా. సరైన ట్రాన్స్‌ఫార్మరు పెట్టించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే కలిపించాలి, లేదా బ్యాటరీతో నడపాలి. అక్కడ పాత ఇళ్లలో ఉంటున్న మనవాళ్లకు వచ్చే సమస్య వేరు. పగలు బాగానే ఉండి, చీకటి పడి దీపాలు వెలగగానే బెల్లు ఆగి మళ్లీ మొదలవుతుంటే, ట్రాన్స్‌ఫార్మరు శక్తి చాలడం లేదని అనుమానించాలి. దీపానికి అదనపు కరెంటు కావాలి మరి. బ్యాటరీ మోడళ్లలోనూ ఛార్జి అడుగంటితే మొదట చెడేది రాత్రిచూపే కావచ్చు.

బొమ్మ బాగుండి, మనిషి వచ్చినా రికార్డు కాకపోతే అది దీపం తప్పు కాదు. కదలికను పసిగట్టే సెన్సర్ చాలా మోడళ్లలో విడిగా ఉంటుంది, ఒంటి వేడిని చూసేది అదే. చుట్టుపక్కల వేడికీ ఒంటి వేడికీ తేడా ఉంటేనే దానికి ఆనవాలు. మే నెలలో పగలంతా కాగిన గోడల ముందు రాత్రి ఆ తేడా తగ్గిపోతుంది. వేసవిలో దాని చురుకుదనాన్ని యాప్‌లో ఒక మెట్టు పెంచండి.

సెలవుల్లో ఊరొచ్చి అమ్మానాన్నల ఇంటికి డోర్‌బెల్ బిగించే పిల్లలకు ఒక మాట. పగలు బిగించి, పగలే చూసి, బాగుందని విమానం ఎక్కేయకండి. స్క్రూలు వదులుగా ఉంచి, చీకటి పడ్డాక వరండా లైటు ఆపి, జాలీ తలుపు వేసి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. ఆరడుగుల దూరంలో ఒకరిని నిలబెట్టి ముఖం ఆనవాలు పడుతోందో లేదో చూసుకోండి. ముఖం పోల్చుకోగలిగితేనే స్క్రూలు బిగించండి.